కార్యాలయాలకు కంప్యూటర్ నెట్‌వర్క్ రూపకల్పన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదారుగురు పనిచేసే ఆడిటర్ ఆఫీసు మొదలుకొని నాలుగైదు అంతస్తుల సంస్థ వరకు, కొత్తగా నెట్‌వర్క్ వేయించుకునేవారూ, ఉన్నదాన్ని సరిచేసుకోవాలనుకునేవారూ సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. పరికరాల ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. ఎంత పెద్ద ఆఫీసుకు ఏ నిర్ణయం ఎందుకు తీసుకోవాలన్నదే ఇక్కడి విషయం.

నెట్‌వర్క్ రూపకల్పనను ఎక్కడ మొదలుపెట్టాలి?

భవనం ప్లానుతో మొదలుపెట్టాలి. ఏ కంపెనీ స్విచ్ (లోపలి పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె) మంచిది, ఏ రౌటర్ (ఆఫీసును ఇంటర్నెట్‌తో కలిపే పెట్టె) కొనాలి అన్నవి చాలా తరువాత వచ్చే ప్రశ్నలు. ప్లాను ముందు పెట్టుకుని ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ప్రింటర్ ఏ మూలన ఉంటుందో, వేలిముద్ర హాజరు యంత్రాన్ని ఏ గుమ్మం పక్కన బిగిస్తారో, సీసీ కెమెరాలూ, వైఫై సంకేతాన్ని పంచే యాక్సెస్ పాయింట్లూ ఎక్కడెక్కడ వస్తాయో ఒక్కొక్కటిగా గుర్తించుకుంటూ వెళ్లాలి. ఆ గుర్తులన్నింటికీ వీలైనంత మధ్యలో, తాళం వేసుకునే వీలుండి, నీటి పైపులకూ బాత్‌రూమ్ గోడకూ దూరంగా ఉన్న చోటును ర్యాక్‌కు, అంటే స్విచ్, రౌటర్ వంటివి బిగించే చట్రానికి, కేటాయించాలి. తరువాత ఒక్కో గుర్తు నుంచి ర్యాక్ వరకు కేబుల్ నిజంగా వెళ్లే దారిని, అంటే గోడ వెంట పైకెక్కి, ఫాల్స్ సీలింగ్ మీదుగా మలుపులు తిరిగి, మళ్లీ కిందికి దిగే దారిని, టేపుతో కొలవాలి. కాగితం మీద స్కేలుతో గీసిన గీత పొడవుకూ ఈ పొడవుకూ చాలా తేడా వస్తుంది.

ఈ క్రమాన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. స్విచ్‌ను ఐదారేళ్లకు ఒకసారి మారుస్తాం, ఇంటర్నెట్ కంపెనీ నచ్చకపోతే వచ్చే నెలే మారుస్తాం, గోడలోకి పోయిన కేబుల్‌ను మాత్రం ఆ ఆఫీసు ఖాళీ చేసేదాకా మార్చం. పీఓపీ పని పూర్తయి, రంగులు వేశాక ఒక పాయింటు (కేబుల్ తగిలించే గోడ సాకెట్) మరచిపోయామని గుర్తుకొస్తే, గోడ పగలగొట్టడమో, కంటికి కనబడేలా పీవీసీ పట్టీ కొట్టడమో తప్ప మరో దారి ఉండదు. అందువల్ల ఇంటీరియర్ పని మొదలుకాకముందే, ఎలక్ట్రీషియన్ గోడల్లో పైపులు వేసే దశలోనే, నెట్‌వర్క్ ప్లాను అతని చేతిలో ఉండాలి. కరెంటు వైర్లు వెళ్లే పైపులో నెట్‌వర్క్ కేబుల్ వేయవద్దని కూడా అప్పుడే చెప్పాలి. రెండింటికీ వేర్వేరు పైపులు, మధ్యలో కనీసం ఒక అడుగు ఎడం ఉండటం మంచిది.

ఒక్కో మనిషికి ఎన్ని పాయింట్లు లెక్కవేయాలి?

కుర్చీకి రెండు వేయాలి. ఒకటి కంప్యూటర్‌కు, రెండవది ఐపీ ఫోనుకో, రేపు పక్కనే చేరే మరో ఉద్యోగికో పనికొస్తుంది. వీటికి తోడు ప్రతి పెద్ద గది పైకప్పులో వైఫై కోసం ఒకటి, ప్రింటర్ల దగ్గర ఒక్కోటి ఉండాలి. కేబుల్ ఖరీదు కన్నా దాన్ని లాగే కూలీ ఖర్చే ఎక్కువ కనుక, ఒకటి లాగుతున్నప్పుడే అదే పైపులో రెండవదాన్ని కూడా లాగించడం లాభం.

పదిమంది లోపు ఆఫీసుకు ఏమేమి కావాలి?

విజయవాడలోనో వరంగల్‌లోనో అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో ఒక హాలు, రెండు గదులు తీసుకుని ఎనిమిది మందితో నడిచే ఆడిటర్ ఆఫీసును ఊహించుకోండి. ట్యాలీ డేటా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, మిగిలిన ఏడుగురూ నెట్‌వర్క్ ద్వారా దానిలోకి వెళ్లి పనిచేస్తారు. జీఎస్‌టీ రిటర్నుల గడువు దగ్గరపడే రోజుల్లో ఎనిమిది మందీ ఒకేసారి దాని మీదే పడతారు. ఇక్కడ అసలైన అవసరం ఇంటర్నెట్ వేగం కాదు, ఆ ఒక్క కంప్యూటర్‌కూ మిగతావాటికీ మధ్య గట్టి కేబుల్ బాట. ఇంటర్నెట్ ఆగిపోయినా లోపలి పని ఆగకూడదు.

అందుకు 16 పోర్టుల (కేబుల్ గుచ్చే రంధ్రాల) గిగాబిట్ స్విచ్, అంటే సెకనుకు 1000 మెగాబిట్లు పంపేది, ఒకటి చాలు. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక యాక్సెస్ పాయింట్, హాజరు యంత్రం, కెమెరాల రికార్డర్, రౌటర్ కలిపి 13 పోర్టులు పోగా మూడు మిగులుతాయి. ఎనిమిది పోర్టుల స్విచ్ కొని, చాలక దానికి మరో ఐదు పోర్టులది తగిలించి, దాని నుంచి ఇంకొకటి లాగే పద్ధతి మన చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనబడుతుంది. మధ్యలో ఒక అడాప్టర్ కాలిపోయిందంటే దాని వెనుక కూర్చున్నవారందరికీ పని ఆగిపోతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికే పూట గడిచిపోతుంది. కేబుళ్లన్నీ ఒకే స్విచ్‌కు చేరాలన్నది ఇంత చిన్న ఆఫీసులో కూడా వదులుకోకూడని నియమం. గోడకు బిగించే ఆరు యూనిట్ల చిన్న ర్యాక్, ఒక యూపీఎస్, డేటా బ్యాకప్‌కు వేరే డిస్కు ఉంటే ఈ పరిమాణానికి ఏర్పాటు పూర్తయినట్లే. డేటా ఉన్న కంప్యూటర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వైఫై మీద ఉంచవద్దు.

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ సరిపోదా?

నలుగురైదుగురి వరకు సరిపోతుంది. అంతకు మించితే సొంత రౌటర్ పెట్టుకోవడం మేలు. కంపెనీ ఇచ్చిన పెట్టెలోనే లోపలి అడ్రసులు (ఒక్కో పరికరానికి ఇచ్చే ఐపీ సంఖ్యలు), వైఫై పేరు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ పెట్టుకుంటే, కంపెనీ మారిన రోజున ఆఫీసు మొత్తాన్ని మళ్లీ సర్దుకోవలసి వస్తుంది. పైగా ఆ పెట్టెను ఫైబర్ లోపలికి వచ్చిన చోటే, అంటే సాధారణంగా గుమ్మం పక్కనో బాల్కనీ మూలనో బిగిస్తారు, వైఫైకి అది చాలా సందర్భాల్లో తగని చోటు. ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను రౌటర్ పని చేయకుండా లైనును మాత్రమే అందించేలా, ఉంచమని కంపెనీవారిని అడిగి, దాని వెనుక మీ రౌటర్ పెట్టుకోండి.

20 నుంచి 50 మంది ఉన్న ఆఫీసులో ఏం మారుతుంది?

పరికరాల సంఖ్య కన్నా మనుషుల రకాలు మారతాయి. 35 మంది సిబ్బంది ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ను తీసుకుంటే, బిల్లింగ్ కౌంటర్లు, రక్తపరీక్షల యంత్రాలకు తగిలించిన కంప్యూటర్లు, స్కానింగ్ గది, డాక్టర్ల ల్యాప్‌టాప్‌లు, పదహారో ఇరవయ్యో కెమెరాలు, వీటితో పాటు వెయిటింగ్ హాల్లో వైఫై పాస్‌వర్డ్ అడిగే రోగుల బంధువులు ఉంటారు. వీరందరినీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంచితే, హాల్లో కూర్చున్న ఎవరి ఫోను నుంచైనా రిపోర్టులున్న సర్వర్ కనబడుతుంది. కాబట్టి ఈ పరిమాణం నుంచి మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల రకం), విలాన్లు (ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు), ఫైర్‌వాల్ (ఏ రాకపోకలను అనుమతించాలో తేల్చే కాపలా పరికరం) తప్పనిసరి అవుతాయి. గోడల కేబుళ్లన్నీ ర్యాక్‌లో వచ్చి చేరే సాకెట్ల పలక, అంటే ప్యాచ్ ప్యానెల్, కూడా ఇక్కడి నుంచి ఉండాలి. గోడ నుంచి వచ్చిన కేబుళ్లను నేరుగా స్విచ్‌లో గుచ్చితే, పదే పదే కదిలించినప్పుడు గోడలోని కేబుల్ చివరే దెబ్బతింటుంది. ప్యాచ్ ప్యానెల్ ఉంటే అరిగేది దాన్ని స్విచ్‌తో కలిపే, మార్చడానికి వీలైన ప్యాచ్ కార్డు అనే చిన్న కేబుల్ మాత్రమే.

వేగం విషయంలో కూడా ఇలాంటి చోట అంచనాతో పని జరగదు. 500 మెగాబైట్ల (ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు) స్కానింగ్ బొమ్మల ఫైలు గిగాబిట్ లైనులో సుమారు నాలుగు సెకన్లలో వెళ్తుంది, అదే 100 మెగాబిట్ల లైనులో 40 సెకన్లు పడుతుంది. ఒక్క రోగికి ఈ తేడా చిన్నదే కావచ్చు, ఉదయం వరుసలో ముప్పై మంది ఉన్నప్పుడు చిన్నది కాదు.

ఏ కేబుల్ వేయించాలి?

ఇప్పుడు కొత్తగా వేసే ఏ ఆఫీసుకైనా స్వచ్ఛమైన రాగి తీగలున్న క్యాట్ 6 (క్యాట్ అంటే కేబుల్ తరగతి) వేయించండి. క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని ఇస్తుంది కనుక పాతది బాగా పనిచేస్తుంటే పీకేయనవసరం లేదు. క్యాట్ 6 మీద 10 గిగాబిట్లు అనుకూల పరిస్థితుల్లో 55 మీటర్ల వరకు, క్యాట్ 6ఏ మీద పూర్తిగా 100 మీటర్ల వరకు వెళ్తాయి. 2016లో ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం తెచ్చిన ప్రమాణం వల్ల రెండున్నర, ఐదు గిగాబిట్ల వేగాలు కూడా మామూలు కేబుళ్ల మీదే సాధ్యమయ్యాయి. కొత్త వైఫై యాక్సెస్ పాయింట్లకు అవి చాలు. అందుచేత చాలా ఆఫీసులకు క్యాట్ 6ఏ అదనపు ఖర్చు అక్కర్లేదు. సర్వర్ గది, వీడియో ఎడిటింగ్ విభాగం వంటివి ఇందుకు మినహాయింపు.

ఇంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. మార్కెట్లో క్యాట్ 6 అని అచ్చు వేసి అమ్మే కొన్ని కేబుళ్లలో ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. దీని నిరోధం ఎక్కువ కనుక కేబుల్ ద్వారా కెమెరాలకు కరెంటు పంపినప్పుడు వేడెక్కుతుంది, వంచిన చోట విరుగుతుంది. బ్లేడుతో ఒక తీగను గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. 305 మీటర్ల పెట్టెలు రెండింటిని చేతుల్లోకి తీసుకుంటే బరువులో తేడా కూడా తెలిసిపోతుంది. కొటేషన్‌లో ‘స్వచ్ఛమైన రాగి’ అన్న మాట రాయించుకుని, పెట్టె వచ్చిన రోజునే పరీక్షించాలి.

కేబుల్ మంచిదే, స్విచ్ గిగాబిట్‌దే, అయినా ఒక కంప్యూటర్‌కు వేగం రావడం లేదు. ఎందుకు?

ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో ముందు చూడండి. 1 గిగాబిట్‌కు బదులు 100 మెగాబిట్లు అని ఉంటే తప్పు దాదాపుగా కేబుల్ చివర్లలోనే ఉంటుంది. కేబుల్‌లో నాలుగు జతలుగా మెలివేసిన ఎనిమిది తీగలుంటాయి. 100 మెగాబిట్ల వేగానికి వాటిలో రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. క్రింపింగ్‌లో, అంటే కేబుల్ చివర జాక్ బిగించేటప్పుడు, నీలం జతలోని ఒక తీగ పిన్ను కిందికి సరిగా చేరకపోయినా లింక్ ఆగిపోదు, చప్పుడు చేయకుండా పదో వంతు వేగానికి పడిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కనుక ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు.

చివర కొట్టేటప్పుడు తీగల మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పని తొందరలో రెండంగుళాలు విప్పి, పైతొడుగును జాక్ బయటే వదిలేసిన చివర్లు ఎన్నో కనబడతాయి. ఆ మెలికే పక్క తీగల అలజడి నుంచి సంకేతాన్ని కాపాడుతుంది. అన్ని పాయింట్లకూ రెండు చివర్లలోనూ ఒకే రంగుల క్రమం, మనవైపు ఎక్కువగా వాడే 568బీ, ఉండేలా చూసుకోవాలి.

100 మీటర్ల పరిమితి అంటే ఏమిటి?

స్విచ్ పోర్టు నుంచి కంప్యూటర్ పోర్టు దాకా మొత్తం దూరం 100 మీటర్లు మించకూడదు. ఇందులో గోడలోని కేబుల్ 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు కలిపి 10 మీటర్లు. కేబుల్ ట్రేలో ఎక్కడం, దిగడం, మలుపుల దగ్గర వదిలే చుట్ట అన్నీ ఇందులోకే వస్తాయి. అంతకన్నా దూరమైతే ఆ వైపున మరో చిన్న ర్యాక్ పెట్టి, రెండు ర్యాక్‌ల మధ్య ఫైబర్ వేయాలి.

పీఓఈ స్విచ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

పోర్టుల సంఖ్య కాదు, మొత్తం వాట్లు చూడాలి. కేబుల్ ద్వారానే కరెంటు పంపే ఈ పద్ధతికి 2003లో వచ్చిన మొదటి ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, 2009 నాటిది 30 వాట్లు, 2018 నాటిది 90 వాట్ల వరకు ఇస్తుంది. 24 పోర్టులున్న స్విచ్ మీద మొత్తం 370 వాట్లు అని రాసి ఉంటే, అన్ని పోర్టులకూ 15.4 వాట్ల చొప్పున సరిపోతుంది గానీ 30 వాట్లు అడిగే పరికరాలను పన్నెండుకు మించి పెట్టలేం. సాధారణ డోమ్ కెమెరా పది వాట్లలోపే తీసుకుంటుంది. తిరిగే కెమెరాలూ పెద్ద యాక్సెస్ పాయింట్లూ అంతకు చాలా ఎక్కువ తీసుకుంటాయి. ఇవన్నీ ముందే కూడి, పైన పాతిక శాతం మిగులు ఉంచుకుని కొనాలి.

అంతా వైఫై మీదే నడిపితే కేబుల్ ఖర్చు మిగులుతుంది కదా?

మిగలదు. ప్రతి యాక్సెస్ పాయింట్‌కూ ఎలాగూ ఒక కేబుల్ కావాలి. ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ వైఫై మీద ఉండవచ్చు. కదలని వస్తువులన్నీ, అంటే డెస్క్‌టాప్‌లు, ప్రింటర్లు, సర్వర్లు, కెమెరాలు, కేబుల్ మీదే ఉండాలి. వైఫైలో ఒక చానల్ గాలిని అందరూ వంతులవారీగా పంచుకుంటారు, కేబుల్‌లో ఎవరి దారి వారిది.

2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు 1, 6, 11 అనే మూడే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక వాణిజ్య భవనంలో నిలబడి ఫోనులో చూస్తే ఇరుగుపొరుగు వైఫై పేర్లు ఇరవై, ముప్పై కనబడతాయి, అవన్నీ ఈ మూడింటిలోనే కిక్కిరిసి ఉంటాయి. అందుకే ఆఫీసు పని 5 గిగాహెర్ట్‌జ్ మీద జరగాలి. అయితే 5 గిగాహెర్ట్‌జ్ సంకేతం గోడలకు త్వరగా తగ్గిపోతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, కాంక్రీటు స్తంభాలు, వరుసగా పేర్చిన ఇనుప బీరువాలు ఉన్న మన ఆఫీసుల్లో ఒక యాక్సెస్ పాయింటు రెండో గది దాటి గట్టిగా అందుతుందని అనుకోకూడదు. వరండాలో వరుసగా బిగించే బదులు, మనుషులు కూర్చునే గదుల లోపలే బిగించాలి. ఒక్కో పాయింటు మీద పాతిక, ముప్పై మందిని లెక్కవేసుకుంటే హాయిగా నడుస్తుంది.

సిగ్నల్ బలహీనంగా ఉందని యాక్సెస్ పాయింట్ పవరును పూర్తిగా పెంచడం చాలామంది చేసే పని. దాని మాట ఫోనుకు వినబడుతుంది గానీ ఫోను జవాబు దానికి వినబడదు, ఎందుకంటే ఫోను పవరు పెరగలేదు. ఫోను మీద గీతలు నిండుగా ఉండి పేజీలు తెరుచుకోకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పవరు మధ్యస్థంగా ఉంచి యాక్సెస్ పాయింట్లు పెంచడమే సరైన మార్గం.

ఐపీ అడ్రసులను ఎలా పంచాలి?

లోపలి నెట్‌వర్కుల కోసం 1996లో మూడు వరుసలను ప్రత్యేకించారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. ఆఫీసుకు 192.168.0 గానీ 192.168.1 గానీ పెట్టవద్దని గట్టిగా సలహా ఇస్తాం. ఇళ్లలోని రౌటర్లలో చాలా వరకు అవే ఉంటాయి. ఉద్యోగి ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే రహస్య దారి) ద్వారా ఆఫీసు సర్వర్‌ను చేరబోతే, ఆ అడ్రసు తన ఇంట్లోనిదే అనుకుని కంప్యూటర్ అక్కడే వెతుకుతుంది. 10 వరుసలో రెండవ అంకెను బ్రాంచికి, మూడవ అంకెను విభాగానికి కేటాయిస్తే అడ్రసు చూడగానే పరికరం ఎక్కడిదో తెలుస్తుంది. గుంటూరు బ్రాంచి 1, కర్నూలు బ్రాంచి 2, కెమెరాలు 30 అనుకుంటే 10.2.30.15 అంటే కర్నూలులోని ఒక కెమెరా.

ఒక్కో విభాగంలో 254 అడ్రసులు దొరుకుతాయి. మొదటి ముప్పై నలభై అడ్రసులను గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్), సర్వర్లు, ప్రింటర్లకు ఉంచి, ఆపై వాటినే డీహెచ్‌సీపీ (అడ్రసులను తనంతట తానే ఇచ్చే ఏర్పాటు) పంచేలా చేయాలి. ఎవరికి తోచిన అడ్రసు వారు చేత్తో కొట్టుకునే ఆఫీసులో రెండు యంత్రాలు ఒకే అడ్రసు కోసం పోటీపడటం ఏదో ఒక రోజు జరిగి తీరుతుంది.

విలాన్లు ఎన్ని ఉండాలి?

సిబ్బంది, అతిథులు, కెమెరాలు, సర్వర్లు, పరికరాల నిర్వహణ అనే ఐదింటితో 50 మంది ఆఫీసు చక్కగా నడుస్తుంది. ఐపీ ఫోన్లుంటే ఆరవది కావాలి. ప్రమాణం ప్రకారం 4094 వరకు పెట్టుకోవచ్చు గానీ, ప్రతి గదికీ ఒకటి చొప్పున పెట్టుకుంటూ పోతే వాటి మధ్య అనుమతులు రాయడమే పెద్ద పని అవుతుంది. విలాన్లు విడదీసి, మధ్యలో రౌటర్ అన్నింటినీ స్వేచ్ఛగా కలిపేస్తుంటే విడదీసిన ప్రయోజనం లేదు. అతిథులకు ఇంటర్నెట్ తప్ప ఏదీ కనబడకూడదు, కెమెరాలకు రికార్డర్ తప్ప ఏదీ కనబడకూడదు, హాజరు యంత్రం తన సర్వర్‌తో మాత్రమే మాట్లాడాలి. కెమెరాలనూ రికార్డర్‌నూ ఒకే స్విచ్ మీద పెడితే రోజంతా పారే ఆ వీడియో మిగతా లైన్ల మీద భారం వేయదు.

100 నుంచి 300 మంది, మూడు నాలుగు అంతస్తులు ఉంటే ఎలా?

అంతస్తుకు ఒక ర్యాక్ ఉండాలి, ఒక అంతస్తు విస్తీర్ణం 1000 చదరపు మీటర్లు దాటితే రెండు అవసరమవుతాయి. ఆ అంతస్తులోని పాయింట్లన్నీ అక్కడి యాక్సెస్ స్విచ్‌లకు (ఉద్యోగుల కంప్యూటర్లు తగిలే స్విచ్‌లకు) చేరతాయి, ప్రతి అంతస్తు నుంచీ ఫైబర్ నేరుగా కోర్ స్విచ్‌కు, అంటే భవనమంతటికీ కేంద్రమైన స్విచ్‌కు, వెళ్తుంది. ఇక్కడ ‘నేరుగా’ అన్న మాటే కీలకం. మూడో అంతస్తు స్విచ్‌ను రెండో అంతస్తుకు, రెండోదాన్ని మొదటిదానికి తగిలిస్తే ఫైబర్ కొంత మిగులుతుంది. కానీ మొదటి అంతస్తులో ఎవరో స్విచ్ ఆపిన మరుక్షణం పైనున్న రెండంతస్తులూ ఆగిపోతాయి, పైవారి రద్దీ అంతా కిందివారి లైను మీదే పడుతుంది.

48 పోర్టుల గిగాబిట్ స్విచ్‌కు ఒకే గిగాబిట్ అప్‌లింక్ (కోర్ స్విచ్‌కు వెళ్లే లైను) ఇస్తే, అందరూ ఒకేసారి అడిగినప్పుడు 48 మంది ఒక్కరి దారిలో నడవాలి. 10 గిగాబిట్ల అప్‌లింక్ ఇస్తే ఆ నిష్పత్తి 4.8కి ఒకటి అవుతుంది, ఆఫీసు పనికి ఇది నిశ్చింతగా సరిపోతుంది. వీలైతే ప్రతి అంతస్తు నుంచి రెండు ఫైబర్ లైన్లు, రెండు కోర్ స్విచ్‌లకు, భవనంలో రెండు వేర్వేరు షాఫ్టుల గుండా తీసుకువెళ్లాలి. ఒకే పైపులో వెళ్లే రెండు లైన్లు ఒకే డ్రిల్లింగ్ దెబ్బకు తెగుతాయి.

ఫైబర్ రకంలో ఓఎం3 మీద 10 గిగాబిట్లు 300 మీటర్లు, ఓఎం4 మీద 400 మీటర్లు వెళ్తాయి, సింగిల్ మోడ్ మీద తగిన మాడ్యూల్‌తో (ఫైబర్ చివర స్విచ్‌లో గుచ్చే చిన్న పరికరంతో) 10 కిలోమీటర్లు వెళ్తాయి. కొత్తగా వేసేవారికి సింగిల్ మోడ్‌నే సూచిస్తాం. రేపు ఎంత వేగం వచ్చినా కేబుల్ అలాగే ఉంటుంది, చివర్ల మాడ్యూళ్లు మాత్రమే మారతాయి.

అంతకన్నా పెద్ద సంస్థలకు?

యాక్సెస్‌కూ కోర్‌కూ మధ్య డిస్ట్రిబ్యూషన్ అనే మూడవ వరుస అవసరమవుతుంది. ఒక్కో బ్లాకుకు ఒక జత డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లు పెట్టి, ఆ బ్లాకు విలాన్లను అక్కడికే పరిమితం చేసి, బ్లాకుల మధ్య రౌటింగ్ నడిపితే ఒక బ్లాకులోని లోపం మరో బ్లాకుకు పాకదు. 300 మంది ఆఫీసులో ఈ వరుస పెట్టడం అనవసర ఖర్చు, కోర్ స్విచ్చే ఆ రెండు పనులూ చేయగలదు.

రోడ్డుకు ఆ పక్కనో, ఆవరణలోనో రెండో భవనం ఉంటే?

ఫైబర్ వేయడమే సరైన దారి. రెండు భవనాల మధ్య రాగి కేబుల్ వేయవద్దు. రెండింటి ఎర్తింగ్ ఒకే స్థాయిలో ఉండదు, ఆ తేడా కేబుల్ గుండా పారి పోర్టులను చంపుతుంది. ఎండాకాలం చివర ఉరుములు మెరుపులతో వానలు పడినప్పుడు దగ్గర్లో పిడుగు పడితే, ఆ రాగి తీగ మీదుగా వచ్చే ఉధృతికి రెండు వైపులా స్విచ్‌లు పోతాయి. ఫైబర్ గాజు కనుక దాని గుండా కరెంటు పారదు. కొనేటప్పుడు లోపల ఇనుప తీగ లేని రకాన్నే ఎంచుకోవాలి. రోడ్డు తవ్వడానికి అనుమతి దొరకని చోట, రెండు డాబాలూ ఒకదానికొకటి అడ్డులేకుండా కనబడితే వైర్‌లెస్ బ్రిడ్జ్ పెట్టుకోవచ్చు.

ఉన్నట్టుండి ఆఫీసు మొత్తానికి నెట్‌వర్క్ ఆగిపోయింది, స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తీరుగా వేగంగా కొట్టుకుంటున్నాయి. ఏమైంది?

ఎక్కడో లూప్ పడింది. మీటింగ్ గదిలో గోడకు రెండు పాయింట్లుండి, టేబుల్ మీద వేలాడుతున్న కేబుల్ రెండు చివర్లనూ ఎవరో మంచి ఉద్దేశంతోనే చెరో పాయింటులో గుచ్చి ఉంటారు. అందరికీ అని పంపిన ప్రతి సందేశమూ ఆ వలయంలో తిరుగుతూ, పెరుగుతూ లైన్లన్నింటినీ నింపేస్తుంది. దీనికి పరిష్కారమైన స్పానింగ్ ట్రీ పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించారు. అది ఉన్న స్విచ్ అదనపు దారిని తనంతట తానే మూసి ఉంచుతుంది. చవక రకం స్విచ్‌లలో ఇది ఉండదు. మేనేజ్డ్ స్విచ్ ఉన్నవారు దీన్ని ఆపకుండా ఉంచి, ఉద్యోగుల పోర్టులలో, మరో స్విచ్ తగిలితే ఆ పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్ కూడా పెట్టాలి. ప్రస్తుతానికి లైట్లు శాంతించేదాకా పోర్టులను ఒక్కొక్కటిగా తీసి చూడండి, తప్పున్న కేబుల్ దొరుకుతుంది.

రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు తీసుకున్నాం. ఇక భయం లేనట్లేనా?

అవి ఏ దారిన వస్తున్నాయో బయటికి వెళ్లి చూసేదాకా ఆ మాట అనకూడదు. మన పట్టణాల్లో చాలా ఫైబర్ లైన్లు కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. రెండు కంపెనీలవీ ఒకే స్తంభం మీద ఉంటే, ఒక లారీ తగిలినా, ఒక చెట్టుకొమ్మ విరిగినా రెండూ ఒకేసారి పోతాయి. ఒకటి ఫైబర్ అయితే రెండవది మరో వీధి నుంచి రావాలి, లేదా 4జీ, 5జీ సిమ్‌తో నడిచే రౌటర్ కావాలి. మొదటిది పోయినప్పుడు రెండవది తనంతట తానే అందుకుంటుందో లేదో నెలకోసారి సాయంత్రం వేళ మొదటి కేబుల్ తీసి చూసుకోవాలి.

ఎంత వేగం తీసుకోవాలి?

వీడియో కాల్ ఒక్కోదానికి రెండు దిశల్లోనూ 4 మెగాబిట్లు అనుకుని, ఒకే సమయంలో కాల్‌లో ఉండేవారి సంఖ్యతో గుణించండి. 40 మందిలో 20 మంది ఉంటే 80 మెగాబిట్లు. మిగతా పనులకు మరో అంత కలపండి. అప్‌లోడ్ వేగాన్ని విడిగా అడిగి తెలుసుకోవాలి. బయటివారు మీ సర్వర్‌ను చేరవలసి ఉంటే మారని అడ్రసు, అంటే స్టాటిక్ ఐపీ, కావాలి. గంట ఆగినా నష్టపోయే వ్యాపారానికి, మీకొక్కరికే కేటాయించే లీజ్డ్ లైన్ తగినది. దాని ధర ఎక్కువే కానీ, ఎంత సమయంలో బాగుచేస్తారో ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

కరెంటు, ఎర్తింగ్ విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ర్యాక్‌లోని స్విచ్‌లు, రౌటర్‌తో పాటు గుమ్మం దగ్గరున్న ఫైబర్ పెట్టెకు కూడా యూపీఎస్ ఉండాలి. దీన్ని మరచిపోవడం ఎంత సాధారణమో చెప్పలేం. లోపల అన్నీ వెలుగుతూనే ఉంటాయి, కరెంటు పోగానే ఇంటర్నెట్ మాత్రం పోతుంది. ర్యాక్‌కు ఎర్తింగ్ వైరు బిగించాలి. మే నెలలో ఏసీ ఆపేసి ఆదివారం మూసివేసే చిన్న గదిలో వేడి ఎంతకు చేరుతుందో చూసుకుని, గాలి బయటికి పోయే ఏర్పాటు చేయాలి.

లాగులు (పరికరాల్లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) భద్రపరచాలంటున్నారు. ఇది మాకూ వర్తిస్తుందా?

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కంపెనీలకూ ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం కంప్యూటర్ వ్యవస్థల లాగులను 180 రోజులు దాచాలి, ఆదేశాల్లో పేర్కొన్న రకాల సైబర్ ఘటనలు తెలిసిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి, గడియారాలను నిర్ణీత సమయ సర్వర్లతో సరిపోల్చాలి. అందువల్ల రూపకల్పన దశలోనే ఫైర్‌వాల్, స్విచ్‌ల లాగులు చేరడానికి ఒక చిన్న సర్వర్‌ను, అన్ని పరికరాలకూ ఒకే సమయాన్ని ప్లానులో చేర్చుకోండి. రెండు పరికరాల గడియారాల మధ్య పది నిమిషాల తేడా ఉంటే, ఏది ముందు జరిగిందో లాగులు చూసి చెప్పడం సాధ్యం కాదు.

పని పూర్తయ్యాక కాంట్రాక్టర్ నుంచి ఏమేమి తీసుకోవాలి?

మొదట అనుకున్నట్లు కాక, నిజంగా వేసిన విధంగా సరిచేసిన ప్లాను తీసుకోవాలి. ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లలో ఒకే లేబుల్ ఉండాలి. అంతస్తు, ర్యాక్, పోర్టు సంఖ్యలు వరుసగా ఉండే 2-1-14 వంటి లేబుల్ ఏ భాషవారికైనా అర్థమవుతుంది. ప్రతి పాయింటుకూ టెస్టర్ రిపోర్టు, విలాన్లు, అడ్రసుల పట్టిక, స్విచ్‌లు, ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్ బ్యాకప్, వారంటీ కాగితాలు, అడ్మిన్ పాస్‌వర్డులు కూడా రావాలి. ఆ పాస్‌వర్డులు కాంట్రాక్టర్ ఫోనులో మాత్రమే ఉండిపోతే, ఆయన ఊరు మారిన రోజున మీ నెట్‌వర్క్ మీకే తెరుచుకోదు. వాటిని అందుకోగానే మార్చి, కొత్తవాటిని రాసి కవర్లో పెట్టి సంస్థ బాధ్యుల దగ్గర ఉంచాలి. ఈ కాగితాలన్నీ చేతికి వచ్చి, ఏవైనా ఐదు పాయింట్లను మీరే ఎంచుకుని పరీక్షించి చూసిన తరువాతే చివరి బిల్లు చెల్లించండి.